ఫారిన్ సంబంధం

2024 కార్తీక మాసంలో ఒక రాత్రి, అన్నాల దగ్గర మా అమ్మాయి తలెత్తకుండా చెప్పింది: "నాన్నా, ప్లస్ త్రీలో నేను ఇంటర్నేషనల్ రిలేషన్స్ తీసుకుంటాను."

ప్లస్ త్రీ అంటే మా ఒడిశాలో డిగ్రీ. "అదేం చదువే?" అంది మా అమ్మ. "అంతర్జాతీయ సంబంధాలు నాన్నమ్మా" అని అమ్మాయి తెలుగులో విప్పి చెప్పింది. మా అమ్మ చేతిలో చెంబు కింద పెట్టేసి, "ఇంకా పద్దెనిమిది నిండనేదు, అప్పుడే ఫారిన్ సంబంధాలేటర్రా?" అంటూ నా వైపు చూసింది. అందరం నవ్వాం. ఆ నవ్వుల్లో నేను బయటపడ్డాను గానీ, ఆ చదువేమిటో నాకూ తెలియదు.

మాది సిమిలిగుడ, ఒడిశాలోని కొరాపుట్ జిల్లా. ఆంధ్రాలోని సాలూరు నుంచి సుంకి ఘాటీ ఎక్కి, పొట్టంగి దాటి వస్తే తగిలే ఊరు. కిరాణా కొట్టు, దానితోపాటు అల్లం, చింతపండు, కొండచీపుర్ల కొనుగోలు. మా నాన్న సాలూరు నుంచి వచ్చి పెట్టిన వ్యాపారం ఇది. పదో తరగతి దాకా నన్ను సాలూరులో అమ్మమ్మ ఇంట ఉంచి తెలుగులో చదివించారు, తరువాత జయపురంలో బీకాం. అందువల్ల నాకు లెక్కలు తెలుగులో వస్తాయి, బేరం ఒడియాలో వస్తుంది.

అమ్మాయికి ఈ పిచ్చి ఎక్కడ పట్టిందో మాత్రం నాకు తెలుసు. కొఠియా దగ్గర. పొట్టంగి బ్లాకులో, సాలూరు మండలానికి ఆనుకుని ఉన్న ఇరవైకి పైగా పల్లెలు మావంటే మావని రెండు రాష్ట్రాలూ దశాబ్దాలుగా కొట్టుకుంటున్నాయి. 1968లోనే ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2006లో కోర్టు ఇది మా పరిధిలో తేలేది కాదు, పార్లమెంటు చూసుకోవాలంది. అక్కడి మనుషుల చేతుల్లో రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ ఉంటాయి, రెండు వైపుల పింఛన్లూ వస్తాయి. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రా అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్లీ కోర్టుకెక్కింది. ఆ రోజుల్లో నేను చింతపండు కోసం పికప్ వ్యానులో అటు వెళ్తుంటే బడి లేదని ఇదీ నాతో వచ్చేది. ఒక ఊళ్లో ఒడిశా వాళ్ల బోర్డు, పది అడుగుల దూరంలో ఆంధ్రా వాళ్ల బోర్డు చూసి, "నాన్నా, వీళ్లలో ఎవరిది అబద్ధం?" అని అడిగింది. ఇద్దరిదీ నిజమేనమ్మా అన్నాను. ఆ జవాబు దానికి నచ్చలేదు. ఆ తరువాత పేపర్లో ఎక్కడ సరిహద్దు గొడవ కనిపించినా కత్తిరించి దాచేది.

సరే, చదివిద్దాం. ఎంతవుతుంది? నాకు తెలిసిన మొదటి ప్రశ్న అదే. అమ్మాయి తరువాత అబ్బాయి తొమ్మిదిలో ఉన్నాడు, వాడి వంతూ ఉంది. ఏడాదికి లక్ష దాటకూడదని మా ఆవిడా నేనూ ముందే ఒక గీత గీసుకున్నాం. కొట్లో వాడని పద్దు పుస్తకం ఒకటి తీసి మొదటి పేజీలో అమ్మాయి పేరు రాశాను.

మొదట వెళ్లింది ఒక కన్సల్టెన్సీకి. ఏ ఊరో చెప్పను. ఏసీ గది, గోడ నిండా జెండాలు. ఆ అబ్బాయి చాలా మర్యాదగా "సార్, బడ్జెట్ ఎంత అనుకుంటున్నారు?" అని అడిగాడు. బట్టల కొట్లో ఈ మాట అడిగితే ఏం జరుగుతుందో వ్యాపారం చేసేవాడికి తెలియంది కాదు. ఏడాదికి లక్ష అన్నాను. అతని ముఖం మర్యాదగానే వాడిపోయింది. ఆ తరువాత చూపించినవన్నీ ప్రైవేటు యూనివర్సిటీలే. ఈ సబ్జెక్టును దాని సొంత పేరుతో, మంచి పుస్తకాలతో, విదేశీ ప్రొఫెసర్లతో చెప్పేవి దేశంలో లేకపోలేదు. సోనీపత్‌లోని జిందాల్ గ్లోబల్ యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ అఫైర్స్‌కే ఒక స్కూలు ఉంది, గ్లోబల్ అఫైర్స్ అని ఆనర్స్ డిగ్రీ ఇస్తారు. చదువు బాగుంటుందనే విన్నాను. కానీ ఏడాది ఫీజు లక్షల్లో. నా గీతకు అవతల ఉన్నవాటిని తూచి లాభం లేదు, పేజీ తిప్పేశాను.

తరువాత అతను "అయితే జర్మనీ సార్, ఫ్రీ" అన్నాడు. ఫ్రీ అనగానే నేను కొంచెం ముందుకు వంగాను. అది పూర్తిగా అబద్ధం కాదు. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలా వాటికి ట్యూషన్ ఫీజు లేదు. కానీ వీసా కావాలంటే ముందుగా బ్లాక్డ్ అకౌంట్ అని ఒక ఖాతా తెరిచి అందులో ఏడాది ఖర్చులకు 11,904 యూరోలు వేసి చూపించాలి. అప్పటి రేటుకు పదిన్నర లక్షలు. అది ఫీజు కాదు, మన డబ్బే, అమ్మాయి అక్కడికి చేరాక నెలకు 992 యూరోల చొప్పున తిరిగిస్తారు. కానీ ముందు ఆ పదిన్నర లక్షలు మన దగ్గర ఉండాలి కదా. పైగా అక్కడ డిగ్రీ స్థాయిలో ఎక్కువ కోర్సులు జర్మన్ భాషలోనే. మా కొట్టు ముందు అప్పు బోర్డు ఉన్నట్టు, వాళ్ల "ఫ్రీ" కింద కూడా చిన్న అక్షరాల్లో ఒక బోర్డు ఉంటుందని ఆ రోజు అర్థమైంది.

ఇంకొకటి ఫోన్‌లో తగిలింది. అమ్మాయి వెతకడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఆన్‌లైన్ డిగ్రీల ప్రకటనలు నన్ను వెంటాడాయి. ఇంట్లో కూర్చుని విదేశీ డిగ్రీ, కంతుల్లో కట్టవచ్చు. ఇక్కడ నన్ను కాపాడింది మా బావమరిది. విశాఖలో ఉంటాడు, కాలేజీలో గుమాస్తా. "బావా, ఆన్‌లైన్ అన్నా దూరవిద్య అన్నా ముందు యూజీసీ దూరవిద్య బ్యూరో జాబితాలో ఆ యూనివర్సిటీ పేరు, ఆ కోర్సు పేరు, ఆ ఏడాది, మూడూ ఉన్నాయో లేదో చూడు. మూడిట్లో ఒకటి లేకపోయినా వదిలేయ్" అన్నాడు. విదేశీ యూనివర్సిటీలతో చేతులు కలిపి యాప్ కంపెనీలు అనుమతి లేకుండా అమ్మే డిగ్రీలు చెల్లవని యూజీసీ 2023 డిసెంబర్‌లో హెచ్చరించిందని కూడా అతనే చెప్పాడు. నాలుగు ప్రకటనలు ఆ జాబితాతో పోల్చి చూశాను. నాలుగూ పోయాయి.

అప్పటికి పుస్తకంలో మిగిలింది ప్రభుత్వ చదువులే. ఇక్కడే అసలు చిక్కు మొదలైంది, ఎందుకంటే ఈ సబ్జెక్టుకు పేర్లు ఎక్కువ. ఒకచోట ఇంటర్నేషనల్ రిలేషన్స్, ఒకచోట ఇంటర్నేషనల్ స్టడీస్, ఇంకోచోట ఏరియా స్టడీస్, గ్లోబల్ అఫైర్స్. మా దగ్గర ఒకటే పప్పును కందిపప్పనీ హరడ్ అనీ తూర్ అనీ మూడు పేర్లతో అడుగుతారు. ఇది కూడా అలాంటిదేనా, లేక నిజంగా వేరు వేరు సరుకులా అని తేల్చుకోవడానికి నాకు నెల పట్టింది.

అమ్మాయి మొదట జేఎన్‌యూ అంది, ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ యూనివర్సిటీ. ఈ సబ్జెక్టుకు దేశంలో పాత గుమ్మం అదే. 1955లో ఢిల్లీలో పెట్టిన ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్‌ను 1970లో జేఎన్‌యూలో కలిపారు. ఫీజు చూసి నేను ఒక సున్నా తక్కువ పడిందనుకున్నాను. ట్యూషన్ ఏడాదికి వందల్లో ఉంది. మా కొట్లో కూలీకి ఒక రోజుకు ఇచ్చేదానికి అటూ ఇటూ. "ఇంకేంటమ్మా, అయిపోయింది" అన్నాను. అమ్మాయి ప్రాస్పెక్టస్ ఇంకా చదువుతూనే ఉంది. కాసేపటికి చెప్పింది: అక్కడ ఈ సబ్జెక్టు ఎంఏ నుంచే. డిగ్రీలో ఉన్నవి ఎక్కువగా విదేశీ భాషల ఆనర్స్. అంటే ఇంటర్ అయిన పిల్లకు ఆ గుమ్మం ఇంకా తెరుచుకోలేదు.

కానీ ఆ ప్రాస్పెక్టస్‌లోనే నాకు ఇంకో సంగతి కనిపించింది. ఎంఏలో చేరడానికి డిగ్రీలో కూడా ఇదే సబ్జెక్టు చదివి ఉండాలని వాళ్లు అడగడం లేదు. ఏదో ఒక డిగ్రీ, సరిపడా మార్కులు, ప్రవేశ పరీక్ష. ఢిల్లీలోనే సార్క్ కూటమిలోని దక్షిణాసియా దేశాలు కలిసి 2010లో పెట్టిన సౌత్ ఏషియన్ యూనివర్సిటీలోనూ ఈ సబ్జెక్టులో ఎంఏ ఉంది. పాండిచ్చేరి సెంట్రల్ యూనివర్సిటీలోనూ రాజనీతితో కలిపి ఎంఏ ఉంది. విదేశాంగ శాఖలో ఆఫీసర్ కావాలన్నా యూపీఎస్సీ ఫలానా డిగ్రీ కావాలనదు. ఇంజనీర్లూ డాక్టర్లూ కూడా రాయబారులవుతున్నారు. భాష కూడా ఎంపికయ్యాక వాళ్లే ఒకటి కేటాయించి నేర్పిస్తారు. మరి డిగ్రీ సర్టిఫికెట్ మీద "ఇంటర్నేషనల్" అనే మాట కోసం నేను లక్షలు ఎందుకు పెట్టాలి? ఈ వాక్యాన్ని పుస్తకంలో రాసి కింద రెండు గీతలు గీశాను.

డిగ్రీలోనే ఈ పేరుతో దొరికే ప్రభుత్వ చోట్లు లేవని కాదు. కోల్‌కతాలో జాదవ్‌పూర్ యూనివర్సిటీలో దీనికి విడిగా శాఖ ఉంది, బీఏ స్థాయి నుంచే చెబుతారు, ఫీజు మా లాంటి వాళ్లు నవ్వుతూ కట్టేంత. కేరళ సెంట్రల్ యూనివర్సిటీలోనూ బీఏ ఉంది. జాదవ్‌పూర్ సిలబస్‌ను అమ్మాయి ప్రింటవుట్ తీసుకుంది. ఆ కాగితాలు దాని దిండు పక్కన చాలా రోజులు చూశాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం కొట్టు మూసి, గల్లాపెట్టె మీద మూడు సిలబస్‌లు పరిచాం. జాదవ్‌పూర్‌ది, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీది, మా పక్కనున్న ప్లస్ త్రీ రాజనీతి శాస్త్రం ఆనర్స్‌ది. అమ్మాయి చదువుతుంటే నేను ఎర్ర పెన్నుతో టిక్కులు పెట్టాను. ప్రచ్ఛన్న యుద్ధం, మూడింటిలో ఉంది. ఐక్యరాజ్య సమితి, ఉంది. అలీనోద్యమం, భారత విదేశాంగ విధానం, ఉన్నాయి. రాజనీతి ఆనర్స్‌లో అంతర్జాతీయ సంబంధాల మీద ఒక పేపరు, ప్రపంచ రాజకీయాల మీద ఒకటి, విదేశాంగ విధానం మీద ఇంకొకటి వస్తున్నాయి. జాదవ్‌పూర్‌లో ఇదే సరుకు మూడు పేపర్లకు బదులు డిగ్రీ మొత్తం పరుచుకుని ఉంది, దేశాల వారీగా లోతుకు పోతుంది. అంటే తేడా ఉంది. కానీ ఆ తేడా మునిగిపోయేంతది కాదు, ఎంఏలో పూడ్చుకోగలిగిందే. రాజనీతి చదివినవాళ్లకు లెక్చరర్ దారి కూడా ఉంటుంది, మన దగ్గర ఏ డిగ్రీ కాలేజీలో చూసినా ఆ సబ్జెక్టు ఉంటుంది కాబట్టి. ఇంటర్నేషనల్ పేరుతో ఉన్న శాఖలు దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టేవే.

ఇక లెక్క తేలిపోయిందనుకున్నాను. జయపురంలో విక్రమ్ దేవ్ ఉండనే ఉంది, నేను చదివిన కాలేజీయే. (జయపురం మహారాజు విక్రమదేవ వర్మ విశాఖలోని ఆంధ్ర యూనివర్సిటీకి ఏటా లక్ష రూపాయలు ఇచ్చేవాడు. అక్కడి సైన్సు కాలేజీకి ఆయన పేరు పెట్టారు. ఒడిశాలో మా రాజు డబ్బుతో ఆంధ్రా వాళ్లు చదువుకున్నారని మా నాన్న సాలూరు చుట్టాలను ఏడిపించేవాడు.) ఒడిశా ప్రభుత్వం కాలేజీ సీట్లు ఇచ్చే శామ్స్ పోర్టల్లో పెట్టుకుంటే సీటు దాదాపు ఖాయం, ఏడాదికి కొన్ని వేలు, బస్సు పాసు, ఇంటి తిండి. ఇంకా తక్కువ కావాలంటే ఇగ్నో దూరవిద్య, దాని రీజినల్ సెంటర్ కొరాపుట్‌లోనే ఉంది. మూడేళ్లు అలా చదివేసి, ఎంఏకు జేఎన్‌యూ. మొత్తం ఖర్చు నా చిట్టాలో ఒక పేజీ కూడా నిండలేదు. చాలా గొప్పగా అమ్మాయికి చూపించాను.

అది పేజీ అంతా చూసి, "నాన్నా, ఇందులో లైబ్రరీ ఖర్చు లేదు" అంది.

లైబ్రరీకి ఖర్చేంటమ్మా అన్నాను. "ఇక్కడ ఉంటే నాకు దొరకని పుస్తకాల ఖర్చు. క్లాసులో నాతో వాదించడానికి ఒక్కళ్లు లేకపోతే అయ్యే ఖర్చు. ఇంగ్లిష్‌లో నోరు తిరక్కుండా మూడేళ్లు గడిపి, తరువాత ఢిల్లీలో చదివొచ్చిన వాళ్లతో పరీక్ష రాస్తే అయ్యే ఖర్చు." ఇది నెమ్మదిగానే చెప్పింది. నాకు కోపం వచ్చింది, నేను చదివిన ఊరిని తక్కువ చేసిందని. రాత్రి పడుకున్నాక కోపం పోయింది. బీకాంలో ఆడిటింగ్ పుస్తకం ఒకే ఒక్క కాపీ ఉంటే పదిహేను మందిమి వంతులు వేసుకున్న సంగతి గుర్తొచ్చింది. మర్నాడు పొద్దున పుస్తకంలో ఇంకో గడి గీసి దానికి "ఇతరాలు" అని పేరు పెట్టాను. ఆ గడిలో అంకెలు ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలేశాను.

అలా మిగిలింది హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, జాదవ్‌పూర్, ఇల్లు. హైదరాబాద్‌లో ఇంటర్ తరువాత ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఉంది, రాజనీతి శాస్త్రంలో. ట్యూషన్ వేలల్లోనే. హాస్టల్, మెస్సు, రైలు, ఫోను, ఆడపిల్లకు చేతిలో ఉండాల్సిన నాలుగు రూపాయలు కలిపి నేను వేసుకున్న అంచనా ఏడాదికి డెబ్బై ఐదు వేలు. గీత లోపలే. ఒక చమత్కారం కూడా ఉంది. ఆ యూనివర్సిటీ పుట్టిందే ఒక ప్రాంతాల గొడవ వల్ల. తెలంగాణ, ఆంధ్ర ఉద్యమాల తరువాత 1973లో వచ్చిన ఆరు సూత్రాల పథకంలో సెంట్రల్ యూనివర్సిటీ ఒక సూత్రం. 1974లో పెట్టారు. కొఠియా బోర్డుల పిల్లకు తగిన చోటే అనుకున్నాను.

హైదరాబాద్‌కు సీయూఈటీ, అంటే సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి, జాదవ్‌పూర్‌కు వాళ్ల సొంత పరీక్ష. సీయూఈటీ తెలుగులోనూ ఒడియాలోనూ రాయవచ్చు, మొత్తం 13 భాషల్లో ఇస్తారు. అమ్మాయి ఇంగ్లిష్ పెట్టుకుంది. ప్లస్ టూలో భాషా పేపరుగా ఒడియా చదివింది, ఇంట్లో తెలుగు, మరి ఇంగ్లిష్ ఎందుకే అంటే, ఎటూ రేపు చదవాల్సింది అందులోనే కదా అంది. ఇంగ్లిష్, రాజనీతి, చరిత్ర, జనరల్ టెస్ట్, నాలుగు పేపర్లకు ఓబీసీ కోటాలో 1,275 రూపాయలు కట్టాను. ఒక్కో పేపరు 50 ప్రశ్నలు, గంట సమయం, ఒప్పుకు ఐదు, తప్పుకు ఒకటి కోత. కోచింగ్ మాట నేను ఎత్తాను, అది వద్దంది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఆరు కొని తెచ్చాను. ఆరూ కలిపి కన్సల్టెన్సీకి వెళ్లొచ్చిన బస్సు ఖర్చంత కూడా కాలేదు. పరీక్షలకు కేంద్రం విశాఖ పెట్టుకున్నాం, మేనమామ ఇల్లుంది కాబట్టి. చరిత్ర పేపరు రోజు బయటికి వచ్చి "పోయింది" అంది. రాజనీతి రోజు ఏమీ అనలేదు, పునుగులు కావాలంది. ఫలితాలు 2025 జులై 4న వచ్చాయి.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ఈ రాతంతా నిజానికి దాని కోసమే మొదలుపెట్టాను.

ఒడిశాలో మాకు ఇచ్చే కుల సర్టిఫికెట్ మీద ఎస్ఈబీసీ అని ఉంటుంది, వెనుకబడిన తరగతులకు ఇక్కడి పేరు. ఆంధ్రాలో మా చుట్టాలకు బీసీ, దాని పక్కన ఒక అక్షరం. రెండూ రాష్ట్రాల జాబితాలు. సెంట్రల్ యూనివర్సిటీకి కావాల్సింది ఓబీసీ నాన్ క్రీమీలేయర్, కేంద్రం ఫార్మాట్‌లో, ఆ ఆర్థిక సంవత్సరంలో తీసుకున్నది. ఫారం తలకట్టు మీదే ఈ తేడా రాసి ఉంటుంది. నేను దానిని చదవలేదు. మా ఎస్ఈబీసీ కాగితం ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని, అన్నీ ఉన్నాయనే ధీమాతో ఆరు నెలలు గడిపాను. జులైలో హైదరాబాద్ రిజిస్ట్రేషన్‌కు కాగితాలు స్కాన్ చేయిద్దామని ఇంటర్నెట్ కొట్టుకు వెళ్తే, అక్కడ కూర్చున్న ఇరవై ఏళ్ల కుర్రాడు కాగితం ఇటూ అటూ తిప్పి, "అంకుల్, ఇది సెంట్రల్‌కు నడవదు" అన్నాడు.

ఆ తరువాత పది రోజులు నాకు సరిగా నిద్ర లేదు. కొత్త అర్జీ, ఆదాయం కాగితం, పాత పట్టా, అఫిడవిట్, మా నాన్న సాలూరు నుంచి ఎప్పుడు వచ్చాడో రుజువు. ఆయన వచ్చినప్పుడు రుజువులు పట్టుకుని రాలేదు, తక్కెడ పట్టుకుని వచ్చాడు. చివరికి 1970ల నాటి ఒక వ్యాపారం లైసెన్సు మా అమ్మ ట్రంకు పెట్టెలో దొరికింది. కాగితం చేతికి అందేసరికి హైదరాబాద్‌కు ఇంకా రెండు రోజుల గడువు ఉంది. ఆ రాత్రి కొట్టు నుంచి పటికబెల్లం తెచ్చి అందరి నోట్లో పెట్టాను.

అమ్మాయి తినలేదు. "నాన్నా, జాదవ్‌పూర్?" అంది.

ఆ ఫారం నింపుతానన్నది నేను. ఆ తారీకు గల్లాపెట్టె మీద అంటించింది కూడా నేనే. కుల సర్టిఫికెట్ టెన్షన్‌లో పడి అటు చూడనే లేదు. అప్పటికి దాటిపోయి మూడు రోజులు. నేను వెంటనే ఫోన్ తీశాను, వాళ్ల సైటు తెరిచాను, ఇంకేదో దారి ఉంటుందన్నట్టు ఐదు నిమిషాలు గీకుతూ కూర్చున్నాను. అమ్మాయి నా చేతిలోంచి ఫోను తీసి పక్కన పెట్టి, "పోనీలే నాన్నా" అని లోపలికి పోయింది. తిట్టినా బాగుండేది.

హైదరాబాద్ మొదటి జాబితాలో దాని పేరు లేదు. ఆ వారం నేను ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు, చింతపండు తూకంలో రెండుసార్లు పొరపాటు పడ్డాను. శామ్స్‌లో ఇక్కడి సీటు వచ్చింది, దానికి డబ్బు కట్టి ఉంచాను. రెండో విడతలో హైదరాబాద్ వచ్చింది. రాజనీతి శాస్త్రమే.

ఎవరైనా అడుగుతారని ఖర్చులు రాస్తున్నాను. మొదటి ఏడాది చేరినప్పుడు కట్టినవి, తిరిగిచ్చే డిపాజిట్లతో సహా, ఇరవై వేల లోపు. హాస్టల్ వెంటనే దొరకలేదు, రెండు నెలలు బయట పేయింగ్ గెస్ట్‌గా ఉంచాల్సి వచ్చింది. నా అంచనాలో లేని పదహారు వేలు అక్కడ పోయాయి. కొత్తగా వెళ్లేవాళ్లు ఈ రెండు నెలల గడి తప్పక వేసుకోండి. బోర్డులో పై ఇరవై శాతంలో వచ్చినవాళ్లకు, ఇంటి ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఉంటే, కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్ ఉంది. డిగ్రీ ఏళ్లలో ఏటా 12,000, పీజీలో 20,000. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో పెట్టాలి, ఏటా మళ్లీ రెన్యూవల్ చేసుకోవాలి, హాజరు 75 శాతం ఉండాలి. ఈసారి ఆ ఫారం తలకట్టు నుంచి అడుగు దాకా చదివాను. బ్యాంకు లోను అడగలేదు గానీ, కావాల్సినవాళ్లకు పీఎం విద్యాలక్ష్మి ఉంది. ఎంపిక చేసిన కాలేజీలకు హామీ లేకుండా ఇస్తారు. ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉండి, వేరే ప్రభుత్వ సాయం ఏదీ లేకపోతే పది లక్షల దాకా వడ్డీలో మూడు శాతం ప్రభుత్వం భరిస్తుంది.

ఉద్యోగం ఏమొస్తుందని కొట్టుకొచ్చే ప్రతివాడూ అడుగుతాడు. నర్సింగులా, ఐటీఐలా ఇది చదవగానే చేతికొచ్చే పని కాదు, ఆ మాట దాచను. సివిల్స్ ఉంది, యూజీసీ నెట్ పరీక్ష రాసి లెక్చరర్ కావచ్చు, పత్రికలు, పరిశోధన సంస్థలు, భాష వస్తే అనువాదం. ఐదేళ్లు ఓపిక పట్టలేని ఇంటివాళ్లు ఈ దారికి రావద్దనే చెబుతాను. మా ఇల్లు ఓపిక పట్టగలదా అంటే, నాకు అల్లం ధర మీద ఉన్నంత నమ్మకమే దాని మీదా ఉంది.

ఆగస్టులో దించడానికి వెళ్లాం. సిమిలిగుడ నుంచి బస్సులో విజయనగరం, అక్కడి నుంచి రాత్రి రైలు. బయలుదేరే ముందు రోజు మా ఆవిడ పెట్టె సర్దుతుంటే నేను తాళం సరిచూడ్డానికి వెళ్లాను. పైన దుప్పటి, పచ్చడి సీసాలు, దాని పేపరు కత్తిరింపుల ఫైలు. ఫైలు కింద జాదవ్‌పూర్ సిలబస్ ప్రింటవుట్, మడత నలగకుండా, నా ఎర్ర పెన్ను టిక్కులతో సహా. మా ఆవిడ నా వైపు చూసింది. తాళం బాగానే పడుతోందని చెప్పి కొట్లోకి వచ్చేశాను.